అసోసియేట్ లైబ్రేరియన్ స్థాయికి ఎదగడం ఎలా? విజయవాడ, గుంటూరు అభ్యర్థుల కోసం

ఉద్యోగ ప్రకటనలో అసోసియేట్ లైబ్రేరియన్ అన్న హోదా కనబడగానే దరఖాస్తు నింపడం మొదలుపెట్టకండి. దాని కింద ఏ అర్హతలు అడిగారో, ఏ పే లెవెల్ ఇస్తామన్నారో ముందు చదవండి. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో నేరుగా నియామకం జరిగే హోదాలు మూడు: అసిస్టెంట్ లైబ్రేరియన్, డిప్యూటీ లైబ్రేరియన్, యూనివర్సిటీ లైబ్రేరియన్. డిగ్రీ కళాశాల లైబ్రేరియన్ మొదటి మెట్టుతో సమానం. అసోసియేట్ అన్న హోదా కొన్ని ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు సొంతంగా పెట్టుకున్నది. ఒకచోట అది డిప్యూటీతో సమానం కావచ్చు, మరోచోట అసిస్టెంట్ కంటే కాస్త పైన మాత్రమే ఉండవచ్చు. అడిగిన అనుభవం, ఇచ్చే జీతం, మీ కింద పనిచేసే సిబ్బంది, ఈ మూడూ చూస్తే అసలు స్థాయి తెలిసిపోతుంది. ఇక్కడ నేను డిప్యూటీతో సమానమైన స్థాయిని లక్ష్యంగా పెట్టుకుని చెబుతున్నాను.

అక్కడికి చేరాలంటే రెండు పనులు మొదటి ఉద్యోగం నుంచే జంటగా సాగాలి. ఒకటి, పాఠకుడికి నిజంగా అక్కరకొచ్చే సేవ చేయడం. రెండు, చేసిన సేవకు కాగితం మీద ఆధారం ఉంచుకోవడం. మన ప్రాంతపు కళాశాలల్లో మొదటి పని మనసుపెట్టి చేసి రెండోదాన్ని వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు. పదిహేనేళ్లు పనిచేసి కూడా ఇంటర్వ్యూ బోర్డు ముందు చూపించడానికి ఏమీ లేక వెనుదిరిగినవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. మీరు ఆ వరుసలో చేరకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

చదువు: ఎక్కడ మొదలుపెట్టాలి

ఇంటర్ పూర్తయినవారికి గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్ కోర్సు ఉంది. విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనం ఈ శిక్షణకు పేరున్న చోటు. జిల్లా గ్రంథాలయ సంస్థల కింద నడిచే శాఖా గ్రంథాలయాల ఉద్యోగాలు కోరుకునేవారికి అది ఉపయోగపడుతుంది. విశ్వవిద్యాలయాల వైపు వెళ్లాలనుకుంటే మాత్రం డిగ్రీ పూర్తిచేసి గ్రంథాలయ శాస్త్రంలో బ్యాచిలర్ డిగ్రీ (బి.ఎల్.ఐ.ఎస్సీ.), ఆపైన పీజీ (ఎం.ఎల్.ఐ.ఎస్సీ.) చేయాల్సిందే. చెరో ఏడాది పడుతుంది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఈ శాఖ ఉంది. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవారికి ఇగ్నో ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది. దూరవిద్యలో ఎక్కడ చేరినా, మీరు చేరే ఏడాదికి ఆ కోర్సుకు యూజీసీ అనుమతి ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

పీజీలో 55 శాతం మార్కుల గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. అసిస్టెంట్ లైబ్రేరియన్‌కు, డిప్యూటీకి, లైబ్రేరియన్‌కు, మూడింటికీ అదే గీత. 54.9 వస్తే దాన్ని 55గా సర్దరు. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ పరిధిలోకి రాని ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. పీజీని ‘ఎలాగోలా పాసైతే చాలు’ అనే తీరులో చదివేవాళ్లు ఈ ఒక్క గీత దగ్గర ఇరవై ఏళ్ల భవిష్యత్తును పోగొట్టుకుంటారు. మొదటి సెమిస్టర్ మార్కులు తగ్గితే వెంటనే లెక్క వేసుకోండి. ఇంప్రూవ్‌మెంట్ రాసే అవకాశం ఉంటే సిగ్గుపడకుండా రాయండి.

నెట్, సెట్

అసిస్టెంట్ లైబ్రేరియన్ పదవికి సాధారణంగా అడిగే అర్హత పరీక్ష యూజీసీ నెట్. దాన్ని పీజీ చివరి ఏడాదిలోనే రాయవచ్చు. గ్రంథాలయ శాస్త్రం సబ్జెక్టు కోడ్ 59. మొదటి పేపర్‌లో 50 ప్రశ్నలకు 100 మార్కులు, రెండో పేపర్‌లో 100 ప్రశ్నలకు 200 మార్కులు, అంతా కలిపి మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు, కాబట్టి ఒక్క ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష ఏపీసెట్ కూడా ఉంది. దాని అర్హత మన రాష్ట్రంలోని ఉద్యోగాలకు చెల్లుతుంది. రాష్ట్రం దాటి వెళ్లే ఆలోచన ఉంటే నెట్టే సాధించండి.

మనవాళ్లు ఎక్కువగా వెనకబడేది మొదటి పేపర్‌లోనే అని నా అభిప్రాయం. పుస్తకాల వర్గీకరణ, సూచీకరణ (క్యాటలాగ్ తయారీ) బాగా చదివి, లెక్కలూ పట్టికలూ ఉన్న ప్రశ్నలను పక్కన పెట్టేస్తారు. రోజుకు అరగంట వాటికే కేటాయించండి. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివినవారికి ఇంకో ఇబ్బంది ఉంటుంది. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. అందుకే మొదటి రోజు నుంచే ఒక పుస్తకంలో ఒక్కో సాంకేతిక పదం రాసుకుని, దాని ఎదురుగా మీకు అర్థమైన తెలుగులో రెండు వాక్యాల వివరణ రాసుకోండి. బట్టీపట్టిన నిర్వచనం పరీక్షలో మరిచిపోతారు, సొంత మాటల్లో రాసుకున్నది గుర్తుంటుంది.

మొదటి ఉద్యోగం ఎంచుకోవడం

విజయవాడ, గుంటూరు మధ్య ఉన్నన్ని కళాశాలలు రాష్ట్రంలో మరోచోట కనబడడం అరుదు. ఆంధ్రా లయోలా, గుంటూరు ఏసీ కళాశాల వంటి పాత సంస్థల నుంచి వడ్డేశ్వరం, వడ్లమూడి వైపు ఉన్న విశ్వవిద్యాలయాల దాకా అన్నిటికీ గ్రంథాలయాలున్నాయి. కేంద్ర సంస్థలు కావాలంటే మంగళగిరి ఎయిమ్స్, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్లలో ప్రకటనలు చూస్తూ ఉండండి. కేంద్రీయ విద్యాలయాల లైబ్రేరియన్ ఉద్యోగం కూడా మంచిదే, అది పే లెవెల్ 7. అయితే ఒకటి గుర్తుంచుకోండి. డిప్యూటీ పదవికి అడిగే ఎనిమిదేళ్ల అనుభవం అసిస్టెంట్ యూనివర్సిటీ లైబ్రేరియన్‌గానో కాలేజీ లైబ్రేరియన్‌గానో చేసినదై ఉండాలి. బడిలో చేసిన సేవ ఎంత గొప్పదైనా ఆ లెక్కలోకి రాదు.

పెద్ద గ్రంథాలయంలో ఒకే విభాగంలో కూర్చోవడం మేలా, చిన్న కళాశాలలో అన్ని పనులూ చేయడం మేలా అని చాలామంది అడుగుతారు. మొదటి రెండు మూడేళ్లు చిన్నచోటే మేలంటాను. పుస్తకాల ఆర్డరు, బిల్లు, కొత్త పుస్తకాలు నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్, ర్యాకులో పుస్తకం చోటు చెప్పే కాల్ నంబరు, పుస్తకం వీపు మీద లేబుల్, ఇష్యూ కౌంటరు, బైండింగ్, ఇవన్నీ మీ చేతుల మీదుగా సాగితే రేపు నలుగురితో పనిచేయించాల్సి వచ్చినప్పుడు ఏ పనికి ఎంత సమయం పడుతుందో మీకు తెలిసి ఉంటుంది.

చేరేటప్పుడు మొహమాటపడకండి. నియామక ఉత్తర్వులో హోదా, జీతం, పే స్కేలు స్పష్టంగా రాయించుకోండి. జీతం బ్యాంకు ఖాతాలోనే పడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామని అడిగే యాజమాన్యాలు ఇంకా ఉన్నాయి. చూపించి, నకళ్లు ఇచ్చి, వెనక్కి తెచ్చుకోండి. తాత్కాలికంగానో కాంట్రాక్టు మీదనో చేసిన సేవను తర్వాత లెక్కలోకి తీసుకునేటప్పుడు, అప్పట్లో మీకు నిర్ణీత అర్హతలు ఉన్నాయా, రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన జీతం ఇచ్చారా, నియామకం సరైన ఎంపిక సంఘం ద్వారానే జరిగిందా అని చూస్తారు. ఉత్తర్వు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16, ఏ ఒక్కటీ పారేయకండి.

కౌంటరు దగ్గర ఏం చేయాలి

ఇక అసలు పని. పాఠకుడు అడిగినదానికి, అతనికి కావలసినదానికి మధ్య ఎప్పుడూ కొంత దూరం ఉంటుంది. ఆ దూరాన్ని తగ్గించడమే మన విద్య.

గుంటూరులో ఒక వ్యవసాయ విద్యార్థి కౌంటరు దగ్గరికి వచ్చి, ‘మిర్చి మీద పుస్తకాలున్నాయా?’ అని అడిగాడనుకోండి. ర్యాకు చూపించి పంపేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ అలా చేయకండి. కుర్చీ చూపించి కూర్చోమనండి. ‘ఏం రాస్తున్నారు? సాగు గురించా, తెగుళ్ల గురించా, ధరల గురించా?’ అని అడగండి. తెగుళ్లంటాడు. ‘ఏ తెగులు?’ అంటే నల్ల తామర పురుగు అంటాడు. దాంతో విషయం మొత్తం మారిపోతుంది. ఈ పురుగు మన మిరప తోటలను దెబ్బతీసింది 2021లో. అంతకుముందు అచ్చయిన పుస్తకాల్లో దాని గురించి ఆశించినంత దొరకదు. ఆ విద్యార్థికి కావలసినవి పుస్తకాలు కావు, కొత్త పరిశోధన పత్రాలు. పురుగు శాస్త్రీయ నామం రాసిచ్చి, దానితో పత్రికల్లో వెతకడం చూపించండి. వ్యవసాయ పరిశోధన గ్రంథాల కోసం కృషికోశ్, మిగతా విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల కోసం శోధ్‌గంగ చూపించండి. ఊరి చివరే లాం ఫాం ఉంది, మిరప మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న కేంద్రం అది. అక్కడి శాస్త్రవేత్తలను కలవమని చెప్పండి. మొత్తం పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో ఆ విద్యార్థికి గ్రంథాలయం అంటే ఏమిటో తెలుస్తుంది.

అతను వెళ్లాక మరో రెండు నిమిషాలు వెచ్చించి తేదీ, ప్రశ్న, ఏ ఆధారాలు చూపించారు, దొరికిందా లేదా అన్నవి ఒక రిజిస్టర్‌లో రాయండి. ఏడాది తిరిగేసరికి మీ కళాశాలలో ఏ శాఖవాళ్లు ఏమి అడుగుతున్నారో, ఏది మీ దగ్గర లేదో ఆ పుస్తకమే చెబుతుంది. కొత్త పుస్తకాలకు బడ్జెట్ అడిగేటప్పుడు అంతకు మించిన ఆధారం ఉండదు.

పత్రికల చందాల విషయంలో ఇటీవల పెద్ద మార్పు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. మీది ప్రభుత్వ సంస్థ అయితే నమోదు పూర్తయిందో లేదో మొదటి వారంలోనే కనుక్కోండి. నమోదై ఉండి, విద్యార్థులకు ఆ సంగతి తెలియకపోతే లాభం లేదు. శాఖలవారీగా అరగంట చొప్పున తరగతులు పెట్టి చూపించండి.

తెలుగు పేర్ల సూచీ

కంప్యూటర్ మీద పట్టు లేకుండా ఈ రోజు ఎవరూ పై మెట్టెక్కలేరు. గ్రంథాలయ పనులకు వాడే కోహా సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. గుజరాత్ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ తయారుచేసిన సోల్, ఎన్ఐసీ తయారుచేసిన ఈ-గ్రంథాలయ కూడా మన దగ్గర వాడుకలో ఉన్నాయి. పాత కంప్యూటర్ ఒకటి సంపాదించి, లినక్స్ వేసి, కోహా మీరే ఎక్కించుకోండి. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ అందులో నమోదు చేయండి. ఇంట్లో లేకపోతే ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల్లోనో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గరో కొన్ని కొనుక్కోండి. పుస్తకాల వివరాలను కంప్యూటర్‌లో నమోదు చేసే మార్క్ 21 పద్ధతిలో ఒక్కో వివరానికి ఒక ఫీల్డు సంఖ్య ఉంటుంది: రచయితకు 100, పుస్తకం పేరుకు 245, విషయాన్ని బట్టి వర్గీకరించే డ్యూయీ సంఖ్యకు 082. ఇవి చేతికి అలవాటు కావాలి. డ్యూయీలో తెలుగు భాషకు 494.827, తెలుగు సాహిత్యానికి 894.827, తెలుగు కవిత్వానికి 894.8271, కథా సాహిత్యానికి 894.8273.

ఇక్కడే మన సూచీల్లో ఒక పెద్ద లోపం ఉంది. దాన్ని సరిదిద్దగలిగితే మీకు ప్రత్యేకమైన గుర్తింపు వస్తుంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది. పాశ్చాత్య పద్ధతి అలవాటైన సాఫ్ట్‌వేరూ, దాన్ని వాడే సిబ్బందీ చివరి మాటే ఇంటిపేరు అనుకుంటారు. గుర్రం జాషువాను తీసుకోండి. ఒక పుస్తకం ‘గుర్రం జాషువా’ అని, ఇంకొకటి ‘జాషువా, గుర్రం’ అని, మూడోది ‘జి. జాషువా’ అని నమోదవుతుంది. ఇంగ్లీషు లిపిలో రాసినప్పుడు మళ్లీ జాషువా, జోషువా అని రెండు రూపాలు. పాఠకుడు ఒక రూపంతో వెతికితే మిగతా పుస్తకాలు ఉండీ లేనట్టే. పుట్టిన గడ్డ మీది గ్రంథాలయంలోనే ఆ కవి పుస్తకాలు దొరక్కపోవడం ఎంత అన్యాయం!

దీనికి మందు అథారిటీ ఫైలు. ఒక్కో రచయితకు ఒకే ప్రామాణిక రూపం నిర్ణయించి, మిగతా రూపాలన్నిటినీ 400 ఫీల్డులో ‘ఇది చూడండి’ అన్నట్టుగా చేర్చండి. తెలుగు లిపిలో ఉన్న వివరాలను 880లో కలపండి. కలంపేర్లకు కూడా ఇదే పద్ధతి. ఏ రూపం ఎంచుకున్నారన్నది అంత ముఖ్యం కాదు, ఎంచుకున్నదానికి అందరూ కట్టుబడటం ముఖ్యం. ఆ నియమాలను నాలుగు పేజీల్లో రాసి కౌంటరు దగ్గర, టైపు చేసేవాళ్ల దగ్గర ఉంచండి. ఒక్క తెలుగు విభాగంతో మొదలుపెట్టినా చాలు.

పాత తెలుగు పుస్తకాల మీద అవగాహన పెంచుకోవడానికి గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయానికి వెళ్లండి. కాస్త దూరమైనా 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనాన్ని ఒకసారి చూసి తీరాలి. అట్ట చిరిగిన పుస్తకాన్ని, పాత పత్రికల సంపుటాన్ని ఎలా పట్టుకోవాలో అలాంటిచోట్లే నేర్చుకోగలం.

స్టాక్ వెరిఫికేషన్

పుస్తకాలన్నీ ఉన్నాయో లేవో సరిచూసే ఈ పనిని భయంగా చూడనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017 ప్రకారం 20,000 లోపు పుస్తకాలుంటే ఏటా పూర్తిగా, 50,000 దాకా ఉంటే కనీసం మూడేళ్లకోసారి పూర్తిగా, అంతకు మించితే మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనాగా సరిచూడాలి. ఇష్యూ అయిన, చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఏడాదికి అయిదు పోవడం సహజ నష్టమేనని అదే నియమం ఒప్పుకుంటుంది. అందులో నిజాయితీ లోపం, నిర్లక్ష్యం ఉండకూడదు, వెయ్యి రూపాయల పైబడిన పుస్తకాలు, అరుదైనవి పోతే విచారించాలి. ఈ నియమం తెలియక, పోయిన ప్రతి పుస్తకానికీ సిబ్బంది జీతంలోంచి డబ్బు పట్టుకునే చోట్లు ఉన్నాయి. మీ సంస్థ ఈ నియమాల పరిధిలో లేకపోయినా, ఆ పేజీ ప్రతిని యాజమాన్యం ముందు పెట్టి గ్రంథాలయ కమిటీ చేత ఇలాంటి తీర్మానమే చేయించండి.

కాగితాల ఫైలు, పదోన్నతి

అసిస్టెంట్ లైబ్రేరియన్ మొదటి జీతం లెవెల్ 10, అంటే మూలవేతనం 57,700. అక్కడి నుంచి లెవెల్ 11కు వెళ్లడానికి పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, ఎంఫిల్ ఉంటే అయిదు, రెండూ లేకపోతే ఆరేళ్ల సేవ కావాలి. 21 రోజుల ఓరియంటేషన్ కోర్సు, ఆటోమేషన్ లేదా డిజిటలీకరణ మీద కనీసం అయిదు రోజుల శిక్షణ కూడా పూర్తిచేసి ఉండాలి. గడువు దగ్గరపడ్డాక కోర్సు కోసం వెతుక్కునేవాళ్లకు సీటు దొరకదు. చేరిన రెండో ఏడాదే ఓరియంటేషన్ ముగించండి.

డిప్యూటీ పదవికి 55 శాతంతో పీజీ, ఎనిమిదేళ్ల అనుభవం, పీహెచ్‌డీ, వీటితోపాటు ‘వినూత్న గ్రంథాలయ సేవలకు ఆధారం’ అడుగుతారు. ఈ నాలుగోది చాలామందికి మింగుడుపడదు. మీ దగ్గర పాఠకుల ప్రశ్నలు రాసిన ఆ రిజిస్టర్, ఆ అథారిటీ ఫైలు, శాఖలవారీ తరగతులకు హాజరైనవారి సంతకాలు ఉంటే అవే ఆధారం. పని మొదలుపెట్టకముందు పరిస్థితి, తర్వాతి పరిస్థితి రెండూ అంకెల్లో రాయండి. ప్రిన్సిపల్ సంతకం, తేదీ ఉండేలా చూసుకోండి. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ కోసం గ్రంథాలయం తరఫున మీరు తయారుచేసిన నివేదిక ప్రతి ఒకటి మీ ఫైల్లోనూ ఉండాలి.

పీహెచ్‌డీకి ఇంజినీరింగ్ కళాశాలల్లో ఈ-వనరుల వాడకం అనే అంశం మీద ఇప్పటికే ఎన్నో సర్వేలు వచ్చాయి, మరొకటి అవసరం లేదు. మన కాళ్ల కిందే బంగారం లాంటి అంశాలున్నాయి. తెలుగు పేర్ల సూచీకరణ, జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున రావలసిన సెస్సు వసూలు, పాత తెలుగు పత్రికల పరిరక్షణ, ఇలాంటివి. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు ఇతరుల రచనలతో దానికి ఎంత పోలిక ఉందో మీరే పరీక్షించుకోండి. రచనా చౌర్యాన్ని అరికట్టడానికి యూజీసీ 2018లో తెచ్చిన వేరే నిబంధనల్లో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. ఆ పరీక్ష రేపు మీ విశ్వవిద్యాలయంలో అందరికీ చేసిపెట్టాల్సింది కూడా మీరే.

అమెరికా వెళ్లే ఆలోచన ఉన్నవారికి ఒక్క మాట. అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో లైబ్రేరియన్లకు అధ్యాపకుల మాదిరి అసిస్టెంట్, అసోసియేట్, పూర్తిస్థాయి అనే అంచెలు ఉంటాయి. అసోసియేట్ స్థాయికి సేవతోపాటు ప్రచురణలు, వృత్తి సంఘాల్లో చేసిన పని చూస్తారు. ప్రవేశానికి సాధారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న పీజీ కావాలి. మన డిగ్రీతో వెళ్లేవారు దాని సమానత్వాన్ని మదింపు చేయించుకోవాల్సి ఉంటుంది.

ఇంటర్వ్యూ

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాలు అందరూ అప్పజెబుతారు. ఈ నేలకు ఉన్న చరిత్ర చెప్పేవాళ్లు తక్కువ. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో అదే ఊళ్లో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలువల మీద పుస్తకాలను పడవలో ఊళ్లకు పంపారు. పాఠకుడి దగ్గరికి పుస్తకం వెళ్లాలన్న మాట వచ్చినప్పుడు ఈ పడవ గురించి చెప్పి, దాన్ని మీరు చేసిన పనితో కలపండి. వట్టి తేదీలు వల్లించి ఊరుకోకండి.

‘మీరు వస్తే ఏం చేస్తారు?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అందుకోసం ముందు రోజు ఆ సంస్థ గ్రంథాలయ క్యాటలాగ్ ఆన్‌లైన్‌లో తెరవండి. ఒకే తెలుగు రచయిత పేరును మూడు రకాలుగా టైపు చేసి, ఒక్కోసారి ఎన్ని పుస్తకాలు వస్తున్నాయో కాగితం మీద రాసుకోండి. తేడా కనబడితే, దాన్ని సరిచేయడానికి ఎందరు మనుషులు, ఎన్ని నెలలు కావాలో లెక్కవేసి అదే కాగితం కింద రాసి, బోర్డు సభ్యులకు తలా ఒక ప్రతి ఇవ్వండి.